చెల్లెలి జ్ఞాపకంగా అక్క కట్టించిన చర్చి

చర్చి అనగానే మనలో చాలామందికి మెదక్ చర్చి గుర్తొస్తుంది. ఆకాశంలోకి లేచిన గోపురం, మొనదేలిన కమానులు, రంగురంగుల అద్దాల కిటికీలు. ఆ పద్ధతిని గోథిక్ అంటారు. ఇంగ్లండులో విక్టోరియా రాణి ఏలిన కాలంలో, అంటే 1837 నుంచి 1901 వరకు, వేల సంఖ్యలో చర్చిలు లేచాయి. ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనివే. నమూనా గీసేది మగవాళ్లు, కట్టించేదీ మగవాళ్లే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ పల్లెటూళ్లో ఒక స్త్రీ తన సొంత ఆలోచనతో, తన సొంత డబ్బుతో ఒక చర్చి కట్టించిందంటే నమ్ముతారా? ఆవిడ పేరు సారా లాష్. ఆవిడ సంగతి మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లండు ఉత్తరాన కార్లైల్ అనే పట్నం ఉంది. దానికి ఐదారు మైళ్ల దూరంలో రియా అనే చిన్న ఊరు. 1785 చివర్లో పుట్టిన సారా, ఆమె చెల్లెలు కేథరిన్ అక్కడే పెరిగారు. కలిగిన కుటుంబం. న్యూకాజిల్ దగ్గర లాష్ వారికి క్షారం తయారుచేసే కర్మాగారాలు ఉండేవి. ఆడపిల్లకి కుట్లు, అల్లికలు, కాస్త పాట వస్తే చాలనుకునే కాలం అది. అయినా సారా లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్ నేర్చుకుంది. లెక్కల్లోనూ దిట్ట. 1814లో తండ్రి పోయాక ఆస్తి ఈ అక్కచెల్లెళ్ల చేతికొచ్చింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. 1817లో ఇద్దరూ ఫ్రాన్సు, ఇటలీ దేశాలు తిరిగి పాత కట్టడాలు చూసి వచ్చారు.

1835లో కేథరిన్ చనిపోయింది. అక్కచెల్లెళ్ల బంధం ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. పుట్టింట్లో ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకున్నవాళ్లం కదా మనమంతా! యాభై ఏళ్లు రాబోతున్న వయసులో సారా ఒంటరిదైపోయింది.

ఊళ్లో ఉన్న పాత ప్రార్థనాలయం అప్పటికే పాడుబడి ఉంది. కొత్తది కట్టడానికి స్థలం, డబ్బు నేనిస్తానంది సారా. అయితే ఒక్క షరతు పెట్టింది. ఎలా కట్టాలో తనకే వదిలేయాలి, మధ్యలో ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఎంత తెలివైన షరతో చూడండి! డబ్బు మనదైనా మాట పెద్దవాళ్లదే కావడం మనకి తెలియని సంగతా? ఆమె ముందుగానే ఆ ముడి విప్పేసుకుంది. ఊరివాళ్లు సరేనన్నారు. 1842 డిసెంబరులో చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు సుమారు 1,200 పౌండ్లు.

ఇక కట్టడం సంగతి చూద్దాం. అందరూ గోథిక్ అంటుంటే సారా ఆ జోలికే పోలేదు. ఇటలీలో చూసిన అతి పాత చర్చిలను మనసులో పెట్టుకుంది. మొనదేలిన కమానుల బదులు గుండ్రటి కమానులు. పొడుగాటి హాలు, దాని చివర అర్ధచంద్రాకారంగా వంపు తిరిగిన గోడ, ఆ గోడ వెంట వరసగా స్తంభాలు. ఎత్తయిన గోపురం, ఆర్భాటం లేవు. దూరం నుంచి చూస్తే సాదాసీదాగానే ఉంటుంది.

దగ్గరికెళితే మాత్రం కళ్లు తిప్పుకోలేరు. కిటికీల చుట్టూ, గుమ్మం చుట్టూ రాతిలో చెక్కింది సాధువుల బొమ్మలు కాదు. సీతాకోకచిలుకలు, పురుగులు, పక్షులు, గోధుమ వెన్నులు, నత్తలా చుట్టచుట్టుకున్న శిలాజాలు. బయట గోడల మీంచి పాము, మొసలి, తాబేలు తొంగిచూస్తాయి. పై కిటికీలకి అద్దం బదులు పల్చటి పాలరాయి లాంటి అలబాస్టర్ పలకలు అమర్చారు. వాటిలో బొగ్గు గనుల్లో దొరికే రాతి ఫెర్న్ ఆకుల ఆకారాలు కోశారు. వెలుగు పడితే ఆ ఆకులు కనిపిస్తాయి. భూమి వయసు ఎంత అని శాస్త్రజ్ఞులు తర్జనభర్జన పడుతున్న రోజులవి. దేవుడి సృష్టి అంటే ఇదంతానూ అని సారా చెప్పదలుచుకుందేమో అనిపిస్తుంది.

తామరపూలు కూడా ఉన్నాయండోయ్! బాప్తిస్మపు తొట్టి అలబాస్టర్‌తో చేసింది. దాన్ని సారా తన బంధువు విలియంతో కలిసి స్వయంగా చెక్కింది. మూత మీద అద్దం, ఆ అద్దం మీద నీళ్లలో తేలుతున్నట్టు తామరలు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పైన్ కాయ. ఊటీ, కొడైకెనాల్ వెళ్లినవాళ్లు తెచ్చి షోకేసులో పెట్టుకుంటారే, పొలుసులు పొలుసులుగా ఉండే ఆ కాయే. ఎండిపోయినట్టే ఉంటుంది గానీ లోపల విత్తనాలుంటాయి. చావు తర్వాత మళ్లీ బతుకు ఉందనడానికి పాతకాలం నుంచీ అది గుర్తు. చర్చి పక్కన పెద్ద పెద్ద మోటు రాళ్లతో చెల్లెలికి ఒక స్మారక మందిరం కట్టించింది సారా. లోపల కేథరిన్ తెల్లరాతి విగ్రహం. కూర్చుని చేతిలోని పైన్ కాయ వంకే చూస్తూ ఉంటుంది. ఇటలీలో ఉండగా అక్క గీసుకున్న బొమ్మను చూసి డేవిడ్ డన్బార్ అనే శిల్పి దాన్ని చెక్కాడు.

సారా పెద్ద పెద్ద మేస్త్రీల కోసం లండన్ వెళ్లలేదు. ఊరి తాపీమేస్త్రీ కొడుకు విలియం హిండ్సన్ చేతనే శిల్పాలు చేయించింది. తాను మట్టితో నమూనా చేసి ఇచ్చేది, అతను రాతిలో చెక్కేవాడు. సారాకి వాస్తుశిల్పంలో ఏ డిగ్రీ లేదు. ఉండే వీలూ లేదు. బ్రిటన్‌లో వాస్తుశిల్పుల సంస్థ ఒక స్త్రీని సభ్యురాలిగా చేర్చుకున్నది 1898లో, ఎథెల్ చార్లెస్‌ను. అప్పటికి సారా చనిపోయి 45 ఏళ్లు.

1853లో పోయిన సారాని చెల్లెలితో పాటు ఒకే రాతి కింద పూడ్చారు. 1869లో ప్రసిద్ధ చిత్రకారుడు రోసెట్టి ఆ చర్చి చూసి ఎంతో మెచ్చుకున్నాడు. అయినా ఆమె పేరు ఆ చుట్టుపక్కల తప్ప పెద్దగా వినిపించలేదు. ఆమె రాసుకున్న ప్రయాణపు పుస్తకాలు కూడా ఇప్పుడు దొరకవు. జెన్నీ అగ్లో అనే రచయిత్రి 2012లో ఆమె జీవితాన్ని పుస్తకంగా రాశాకే ఎక్కువమందికి తెలిసింది. ఆ పుస్తకం పేరే ‘ది పైన్‌కోన్’.

రాయి కాబట్టి నిలిచింది. మరి మన చేతిపనులు? అమ్మమ్మ కుట్టిన బొంత, అత్తగారు అల్లిన గుమ్మం తోరణం, పెద్దమ్మ పెట్టే ఆవకాయ కొలతలు, ఇవన్నీ ఎవరివో మన పిల్లలకి తెలుసా? ‘పాతది’ అని మూలన పడేస్తాం, అంతే. ఈసారి మీరు టేబుల్ క్లాత్ కుట్టినా, బొంత కుట్టినా ఓ మూల సన్నగా మీ పేరు, సంవత్సరం కూడా కుట్టేయండి. అమ్మ చేత్తో రాసిన వంటల నోటు పుస్తకం ఉంటే అట్ట మీద ఆవిడ పేరు రాసి పెట్టండి. ఐదు నిమిషాల పని. రేపు మనవరాలు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇది ఎవరు చేశారని ఎవర్నీ అడగక్కర్లేదు.