వానగీతలు

గతమాసమున మా వారు పాఠశాల గ్రంథాలయమునుండి జపానుదేశపు కొయ్యపలక అచ్చుచిత్రముల పుస్తకమొకటి తెచ్చిరి. ప్రబంధములలోని వర్షర్తువర్ణనలు చదివికొన్న మాకు, చిత్రమనగా ముఖమును, నగలును, వెలుగునీడలును గలదియే యని తలంపు. పుటలు త్రిప్పుచు, "ఇందు చూడదగిన దేమున్నది?" అంటిమి. హిరోషిగే 1857లో వ్రాసిన వానపటము కడ మాత్రము చేయి నిలిచిపోయినది. అందులకు కారణము పిదప చెప్పెదము.

ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, సుమిదానదిపై నొక కొయ్యవంతెన. హఠాత్తుగా వాన పట్టుకొన్నది. బాటసారులు గొడుగులక్రిందను, చాపక్రిందను ఒదిగి పరుగిడుచున్నారు. ఒక్కరి ముఖమైనను కానరాదు. నడుములు వంగిన తీరే వారి తొందరను చెప్పును. ఆవలి గట్టు సమముగా నుండక ఒరిగి, బూడిదవన్నెలో మాసిపోయినది. నడుమ నీటిపై తెప్ప నడుపుకొనుచు ఒంటరిగా నొక్కడు. వానిని వ్రేలితో కప్పి చూచితిమి. నది చిన్నదైపోయినది! వ్రేలు తీయగా మరల విశాలమైనది.

ఇక వాన. పటమంతట సన్నని నల్లని గీతలు, కొన్ని యొక వాలున, కొన్ని కొంచెము వేరొక వాలున. ఇవి కాగితముపై కుంచెతో గీచినవి కావు. పలకపై గీతను మిగిల్చి, దాని కిరుప్రక్కల కొయ్యను తొలిచివేయవలెను. చేయి జారి గీత తెగెనా, ఆ వానధార పోయినట్లే. చిత్రకారుడు వ్రాసియిచ్చును, చెక్కువాడు వేరు, అచ్చొత్తువాడు వేరు. రంగు రంగునకును వేరు పలక. పైన క్రమ్మిన మేఘము నల్లగా మొదలై క్రిందికి పలుచనగుట, అచ్చొత్తువాడు పలకపైననే రంగును తడితో పలుచన చేయుటవలన కలిగినది. కనుక ఏ రెండు ప్రతులును అచ్చముగా నొక్క తీరున నుండవు. వాన్ గో అను డచ్చి చిత్రకారుడు 1887లో దీనిని చూచి తైలవర్ణములతో వ్రాసికొనెను. మాకు మూలమే రుచించినది. ఆ గీతల సన్నదనము తైలవర్ణమున రాలేదు.

కారణము చెప్పెదమంటిమి. నిరుడు వర్షాకాలమున మా పదునొకండేండ్ల అమ్మాయి కాలువవంతెనపై వాన కురియు బొమ్మ వ్రాసి మాకు చూపినది. కాగితమంతట పెన్సిలుగీతలు, మనుష్యులకు కన్నుముక్కులు లేవు. "చక్కని బొమ్మమీద గీతలు గీకి పాడు చేశావేమే?" అని గద్దించితిమి. అది మారుపలుకక కాగితము మడిచికొని పోయినది. మరల బొమ్మ వ్రాయుచుండగా మేము చూడలేదు.

ఆ రాత్రి పుస్తకము దాని ముందు పెట్టితిమి. చాలసేపు చూచి, "ఈయన్ని ఎవరూ కోప్పడలేదా అమ్మా?" అని యడిగినది.

"నీ బొమ్మ ఎక్కడ పెట్టావు?" అంటిమి.

"అప్పుడే పొయ్యిలో వేశాను."

మరునాడు మా వారు తెల్లకాగితములు తెచ్చి దాని పెట్టెమీద నుంచిరి. అవి యింకను అట్లే యున్నవి.