మేధ్య రసాయనములు – వార్ధక్యపు మరపు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో పెద్దలకు మరపు కలిగినదనగానే సరస్వతి ఆకును తలచుకొను గృహములు నేటికిని గలవు. ఆ తలంపునకు శాస్త్రాధారము లేకపోలేదు. చరకసంహిత, చికిత్సాస్థానమందలి రసాయనాధ్యాయమున నాలుగు మేధ్యములు చెప్పబడినవి: మండూకపర్ణీ స్వరసము, పాలతో యష్టిమధు చూర్ణము, వేరుతో పూవుతో కూడిన గుడూచీ రసము, శంఖపుష్పీ కల్కము. వీనిలో శంఖపుష్పి విశేషమైనది. మండూకపర్ణియే మన సరస్వతి ఆకు, గుడూచి తిప్పతీగ, యష్టిమధువు అతిమధురము.

అయితే మేధను పోషించుట వేరు, నశించిన స్మృతిని మరల తెచ్చుట వేరు. అల్జీమర్స్ వ్యాధిని జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906లో వర్ణించెను. అందు మెదడు కణములే క్షీణించును. గీత ద్వితీయాధ్యాయము చెప్పిన స్మృతివిభ్రమము క్రోధసమ్మోహములవలన కలుగునది. సంధ్యావందనమున మంత్రము మరచిన వృద్ధునియందు ఆ దోషము నారోపించుట అన్యాయము.

పుట్టగొడుగుల సంగతి విచిత్రము. మనుస్మృతి పంచమాధ్యాయము వానిని ద్విజులకు నిషేధించినది. జపానులోనో, సింహపు జూలును బోలిన ఒక తెల్లని పుట్టగొడుగు చూర్ణమును స్వల్పమైన మరపుగలవారికి 16 వారములు ఇచ్చి పరీక్షించిరి. ఫలితము 2009లో వెలువడినది: కొంత మేలు కనబడెను, మానిన నాలుగు వారములకు తగ్గెను. పరీక్షింపబడినవారు 30 మందియే! దీనిపై సిద్ధాంతము కట్టరాదు.

వైద్యుడు వ్రాసిన మందును మాన్పించి మూలికల చూర్ణమును నమ్ముకొనుట ఆయుర్వేదమునకు గౌరవము కాదు. సరస్వతి ఆకు నిచ్చినను ఆ మాట వైద్యునకు ముందుగా తెలుపవలెను. రెండు ఔషధములు ఒకదానితో నొకటి విరోధింపవచ్చును.