ట్రామ్సో డైరీ: కనబడని కరెంటు

నవంబర్ 6
మబ్బు. ఆకాశం దక్కనందుకు ఫోన్లో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ గ్రాఫు ముందేసుకు కూర్చున్నా. సాయంత్రమంతా తిన్నగా నడిచిన గీత పదిన్నరకి ఒక్కసారిగా 400 నానోటెస్లాలు కిందికి జారింది. అంటే నెత్తిన 100 కి.మీ. పైచిలుకు ఎత్తున పడమటి వైపు కరెంటు పోటెత్తిందన్నమాట. మబ్బుల పైన ఆకుపచ్చ అరోరా ఆడుతూనే ఉంటుంది. మా టిక్కెట్టు కింది వరసది.

నవంబర్ 8
తేట ఆకాశం. తూర్పు నుంచి పడమరకి ఒక పట్టీ, కింది అంచు గీసినట్టుగా. ఆ వెలుగే కరెంటు అనుకుంటారు చాలామంది. కాదు. అయస్కాంత రేఖల వెంబడి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ని గుద్దితే పుట్టే వెలుగు అది. 100 నుంచి 150 కి.మీ. దాకా ఆకుపచ్చ, 200 దాటితే ఎరుపు. ఎలక్ట్రాన్లు దిగుతున్నాయంటే లెక్క ప్రకారం కరెంటు పైకి పోతున్నట్టు. పక్కనే అది కిందికి దిగే చోట ఆకాశం తరచు నల్లగానే ఉంటుంది. సర్క్యూట్లో సగం మన కంటికి ఆనదు.

నవంబర్ 9
అమ్మ ఫోన్. "అంత కరెంటంటున్నావు, షాక్ కొట్టదుటరా?"
మనకి కొట్టదు. ట్రాన్స్‌ఫార్మర్లకి కొడుతుంది. 1989 మార్చి 13న పై కరెంట్లు అల్లకల్లోలమై, నేలలో కరెంటు పుట్టించి, కెనడాలో క్యూబెక్ గ్రిడ్‌ని రెండు నిమిషాల్లోపే పడగొట్టాయి. 9 గంటలు చీకటి.
"తొమ్మిది గంటలేనా!" అంది అమ్మ. మా ఊరి వేసవులు చూసిన మనిషి.

నవంబర్ 12
నార్వే పాత 200 క్రోనర్ల నోటు మీద శాస్త్రవేత్త బిర్కెలాండ్ బొమ్మ. గాలి తోడేసిన పెట్టెలో అయస్కాంతపు గోళం పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు రప్పించాడు. కరెంట్లు అంతరిక్షం నుంచి దిగి, అడ్డంగా పారి, తిరిగి పైకి పోతాయన్నాడు. ఛాప్‌మన్ అనే మరో శాస్త్రవేత్త ససేమిరా అన్నాడు, అంతా వాతావరణంలోనే తిరుగుతుందని. తగవు అన్నేళ్లు నానడానికి కారణం భలేది: నిలువు కరెంట్లూ, వాటిని కలిపే అడ్డ కరెంటూ నేల మీదికొచ్చేసరికి ఒకదాని ప్రభావాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. కింద దిక్సూచి సూదికి ఇద్దరి మాటా ఒకటే! 1966లో, 1100 కి.మీ. ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహం రికార్డుల్లో ఆ నిలువు కరెంట్ల జాడ బయటపడింది. అప్పుడు కూడా ముందు అవి అలలనుకున్నారు. బిర్కెలాండ్ 1917లోనే టోక్యోలో పోయాడు.

నవంబర్ 15
మన దక్షిణాది కొస మీద కూడా ఇలాంటి కరెంటు పారుతుంది, పట్టపగలు, అయస్కాంత భూమధ్యరేఖ వెంబడి. దాన్ని నడిపేవి ఎండా, పైగాలులూ. గుద్దడానికి పైనుంచి దిగే ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి అరోరా లేదు. ఆ రేఖకి దగ్గరనే 1963లో తుంబాలో మొదటి రాకెట్ ఎగరేశారు.