పండ్రెండవ ఆటగాడు

బరువైన దూలమును పదిమంది కలిసి యెత్తునపుడు వారిలో నొకడు ముందుగా "ఐలేసా" యని పలుకును. తక్కినవారు "హైలెస్సా" యని బదులు పలుకుచు ఒక్కమారుగా భుజము పట్టుదురు. ఆ మొదటివాని గొంతు లేనిచో పదిమంది బలమును పది తెరువుల పోవును. రథము లాగువారికిని, భజన గోష్ఠికిని, కోలాటమునకును ఇట్టి ముందుపాటగాడొకడు ఉండుట మన పల్లెలలో తరతరముల మర్యాద.

దేశదేశముల ఫుట్‌బాల్ మైదానములందును ఈ మర్యాద కానవచ్చును. జాతీయ జట్లు తలపడునపుడు వేలకొలది అభిమానులు ఒకచోట గుమిగూడి, పాటలతోను నినాదములతోను తమ జట్టునకు ఉత్సాహము కలిగింతురు. వారిని నడపువాడు గ్యాలరీ ముందుభాగమున నిలుచును. ఇటలీ దేశమున అతనిని 'కాపో' యందురు. పెద్ద యని ఆ మాటకు అర్థము. అతని స్థితి విచిత్రమైనది. టిక్కెట్టు కొని ఆట చూడవచ్చినవాడు ఆటకు వెన్ను చూపి నిలుచును. గోలు పడిన సంగతి అతనికి తరచుగా ఎదుటివారి ముఖములను బట్టియే తెలియును.

వేలమందిని ఏకకంఠముగా పలికించుట సులభము కాదు. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. నూరు మీటర్ల గ్యాలరీలో ఒక కొనయందలి కేక రెండవ కొనకు చేరుటకు ఇంచుమించు సెకనులో మూడవ వంతు పట్టును. చెవిని మాత్రమే నమ్ముకొన్నచో పాట ముందువెనుకలై చెదరిపోవును. కావున నాయకుడు చేతులెత్తి సైగ చేయును. ప్రక్కనే పెద్ద డోలు మ్రోగును. మాటలు పొట్టివిగాను, లయ నిదానముగాను ఉండునట్లు అతడు చూచుకొనును.

ఇట్టి జనబలము మేలునకును కీడునకును పనికివచ్చును. 2016వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ఐరోపా జాతీయ జట్ల పోటీలు జరిగినవి. జూన్ 11న మార్సేయి నగరమున ఇంగ్లండు, రష్యా జట్లు ఆడినవి. ఆట ముగియగనే రష్యా అభిమానులు కొందరు ఇంగ్లండువారున్న గ్యాలరీపై పడిరి. నగరవీధులలోను కొట్లాటలు జరిగి పలువురు గాయపడిరి. రష్యా ఫుట్‌బాల్ సంఘమునకు 1,50,000 యూరోల జరిమానా విధింపబడెను.

ఆ పోటీలకు ఐస్లాండు మొదటిసారిగా వచ్చినది. నాటి ఆ ద్వీపదేశ జనసంఖ్య సుమారు 3,30,000. మన కర్నూలు నగరపు జనసంఖ్యకంటె తక్కువ. అచ్చటి అభిమానుల సంఘము పేరు 'టోల్ఫన్'. పన్నెండు సంఖ్యను బట్టి వచ్చిన పేరది. మైదానమున నున్న పదునొకండుగురికి తోడైన పండ్రెండవ ఆటగాడు ప్రేక్షకుడే యని భావము.

వారి చప్పట్ల పద్ధతి లోకప్రసిద్ధి గాంచినది. డోలు రెండు దెబ్బలు వేయును. తలపైకి చాచిన వేలాది చేతులు ఒక్కమారు చరచును. వేలాది గొంతులు "హూ" యని పలుకును. పిదప అంతయు నిశ్శబ్దము. మరల రెండు దెబ్బలు, మరల "హూ". క్రమముగా నడిమి వ్యవధి తగ్గి, వేగము హెచ్చి, తుదకు అది చప్పట్ల హోరుగా మారును. జనముచేత కేకలు వేయించుట తేలిక. కేకకును కేకకును నడుమ వారిని మౌనముగా నిలుపుటలోనే నాయకుని శక్తి తెలియును. ఈ పద్ధతిని 2014లో ఐస్లాండు క్లబ్బొకదాని అభిమానులు స్కాట్లండులోని మదర్‌వెల్ పట్టణమున చూచి తెచ్చిరని చెప్పుదురు.

జూన్ 27న నీస్ నగరమున ఐస్లాండు 2–1 గోలులతో ఇంగ్లండును ఓడించినది. గెలిచినపుడు పాడుట యెవరికైనను చేతనగును. అసలు పరీక్ష జూలై 3న వచ్చెను. నాడు ఫ్రాన్సుతో ఆడుచు ఆట సగమగునప్పటికే వారు నాలుగు గోలులు వెనుకబడిరి. అయినను డోలు ఆగలేదు, పాట తగ్గలేదు. రెండవ సగమున ఐస్లాండు రెండు గోలులు చేయగా ఫ్రాన్సు ఒకటి మాత్రమే చేయగలిగెను. 5–2తో ఓడిన జట్టు తన గ్యాలరీ యెదుటికి వచ్చి, అభిమానులతో కలిసి చేతులు చరచెను. మరునాడు రాజధాని రేక్యవిక్‌లో వేలాది జనము అదే చప్పట్లతో వారికి స్వాగతమిచ్చెను. జూలై 7న ఫ్రాన్సు జట్టు జర్మనీపై గెలిచి, తన అభిమానులతో అవే చప్పట్లు చరచెను. అది అంతకు పూర్వము కొట్లాట జరిగిన మార్సేయి మైదానమే.

ఆ చప్పుడు మన దేశమునకును వచ్చినది. 2018 జూన్ 1న ముంబయిలో భారత జట్టు 5–0తో చైనీస్ తైపీని గెలిచిన నాడు ప్రేక్షకులు 2,569 మంది మాత్రమే. తిట్టుటకైనను మైదానమునకు రండని నాయకుడు సునీల్ ఛెత్రి దేశప్రజలను వేడుకొనెను. జూన్ 4న కెన్యాతో జరిగిన ఆటకు టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినవి. 'బ్లూ పిల్‌గ్రిమ్స్' అను అభిమాన బృందము, భారత ఆటగాండ్రును ఎదురెదురుగా నిలిచి చేతులు చరచిరి. అంతకు ముందు ఖాళీ కుర్చీలను చూచిన ఆటగాండ్రకు ఆ చప్పుడు విలువ యెంతో చెప్పనక్కరలేదు.

ముందుపాటగాని పేరు గెలుపోటముల పట్టికలో కానరాదు. ఆట ముగియునప్పటికి అతనికి బొంగురుపోయిన గొంతు మాత్రమే మిగులును. కాని వేలమంది నోట ఏ మాట రావలెనో, ఏ మాట రాకూడదో ఆ కొంతసేపు అతని చేతిలో నుండును. ఎదుటివానిని దూషింపక తనవానిని నిలబెట్టువాడును, ఓటమిలో గొంతు దాచుకొననివాడును ఆ స్థానమునకు అర్హుడు.