హోమ్స్ బూడిద, తాతయ్య చుట్ట

షెర్లాక్ హోమ్స్ అనగానే మన కళ్ళ ముందు కదిలే ఆ పెద్ద వంకర పైపు, కానన్ డాయిల్ వ్రాసిన నాలుగు నవలల్లోనూ, 56 కథల్లోనూ ఎక్కడా కనిపించదు. ఎండిన సొరకాయ బుర్రతో చేసే ఆ కాలబాష్ పైపు తరువాతి వాళ్ళు ఆయన నోటికి తగిలించినది. 1899లో హోమ్స్‌ను రంగస్థలం మీదికి తెచ్చిన అమెరికన్ నటుడు విలియం గిలెట్ వంపు తిరిగిన పైపు పట్టాడు. పైపు నోట్లో ఉండగానే సంభాషణలు చెప్పటానికి అదే అనువని అలా చేశాడంటారు. నటుడి సౌకర్యం ఆ విధంగా పాత్రకు లక్షణమైపోయింది.

డాయిల్ హోమ్స్ చేతిలో ఉన్నవి వేరు. నల్లబడిపోయిన మట్టి పైపు, బ్రయర్ పైపు, పొడవాటి చెర్రీ కొయ్య పైపు. ఆలోచనలో ఉంటే మట్టి పైపు, వాదించాలనిపిస్తే చెర్రీ పైపు అని వాట్సన్ కనిపెడతాడు. (వాట్సన్ కూడా ఏదో ఒకటి కనిపెట్టాడన్నమాట.) పొగాకు విషయంలో మాత్రం హోమ్స్‌కు పెద్ద పట్టింపులేమీ లేవు. సన్నగా తరిగిన, గొంతు మండించే చవకరకం షాగ్ చాలు. దానిని కూడా డబ్బాలో పెట్టడు, పారశీకపు చెప్పు ముక్కులో దోపుతాడు. బాస్కర్‌విల్ కథలో గదిలో కమ్ముకున్న పొగ చూసి ఇల్లు అంటుకుందేమోనని వాట్సన్ కంగారు పడతాడు. అన్నిటికంటే నాకు నచ్చేది ‘ఇంజనీర్స్ థంబ్’ కథలో వస్తుంది. క్రిందటి రోజు పైపుల్లో కాలక మిగిలిన పొగాకును హోమ్స్ పారవేయడు. నిప్పుగూటి పైనున్న అరుగు మూల పోగేసి, ఆరబెట్టి, పొద్దున్నే ఫలహారానికి ముందు దానితోనే మొదటి పైపు నింపుతాడు.

ఆ వాక్యాల దగ్గరకు వచ్చినప్పుడల్లా మా తాతయ్య గుర్తుకొస్తారు. అమ్మ నాన్నగారు. గోదావరి పాయల నడుమ ఒక లంక గ్రామం ఆయనది. ఆకు ఈనె తీసి, కాస్త తడి చేసి, అరచేతిలో చుట్ట చుట్టుకునేవారు. సగం కాలాక ఆర్పి, ఆ పీకను తాటాకు చూరులో దోపేవారు. తెల్లవారి లేచి మొహమైనా కడుక్కోకుండా చూరంతా తడిమేవారు. “ఎప్పుడో ఒకనాడు కొంప తగలడుతుంది” అని అమ్మమ్మ రోజూ సణిగేది. బేకర్ వీధిలో హడ్సన్ గారికి కూడా ఆ భయం ఉండే ఉంటుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు తాతయ్య గొంతు బొంగురుపోయింది. ఎన్ని కషాయాలు త్రాగినా తగ్గలేదు. పట్నంలో డాక్టరు పరీక్ష చేసి, అమ్మను ప్రక్కకు పిలిచి మాట్లాడి, చుట్ట ముట్టవద్దని ఖండితంగా చెప్పాడు. చూరులోని పీకలన్నీ అమ్మమ్మ ఏరి పొయ్యిలో వేసింది. ఆ సెలవులలోనే నేను హోమ్స్ కథల సంక్షిప్త ప్రతి ఒకటి చదివాను, ఇంగ్లీషు నాన్‌డీటైల్ పుస్తకం. 140 రకాల పొగాకు బూడిదల మీద హోమ్స్ ఒక చిన్న గ్రంథమే వ్రాశాడన్న సంగతి అందులో ఉంది. నేలమీద రాలిన బూడిదను బట్టి మనిషిని పట్టుకోవచ్చునన్న ఊహతో నాకు నిద్ర పట్టలేదు.

పట్టుకోవటానికి నాకు దొరికిన మనిషి మా తాతయ్యే. పశువుల పాక వెనుక, కుడితి గోలెం ప్రక్కన, వేలెడు పొడుగు బూడిద. ఇంట్లో ఇంకెవరూ చుట్ట కాల్చరు. పాకచూరు తడిమితే పీక దొరికింది, ఇంకా వెచ్చగానే ఉంది. దానిని తీసుకెళ్ళి నలుగురి ముందు అమ్మ చేతిలో పెట్టి, ఎలా కనిపెట్టానో వరుసగా వివరించాను. తాతయ్య అంతా విన్నారు. “ఏరా, బూడిద చూసే చెప్పేశావూ?” అన్నారు ఆ బొంగురు గొంతుతోనే. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. ఆ తరువాత ఆయన చుట్ట కాల్చటం నేను చూడలేదు. మాట పూర్తిగా పోయాక రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి అమ్మమ్మకు సైగ చేయటం మాత్రం చూశాను. ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయేది. మరుసటి సంక్రాంతికి ఆయన లేరు.

‘ది సైన్ ఆఫ్ ఫోర్’ అసలు ప్రతి చదివింది ఎన్నో ఏళ్ళ తరువాత. 1890 నాటి నవల. మొదటి అధ్యాయంలోనే హోమ్స్ తన బూడిద గ్రంథం గురించి చెబుతూ, హంతకుడు కాల్చినది ఇండియన్ ‘లుంకా’ అని తేల్చగలిగితే వెతకవలసిన మేర ఎంతో తగ్గిపోతుందంటాడు. లుంకా ఏమిటో నాకు అర్థం కాలేదు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తీసి చూస్తే ఉంది: మద్రాసు ప్రెసిడెన్సీలో పేరుపడిన ఘాటైన చుట్ట, గోదావరి డెల్టాలోని లంకల్లో పండే పొగాకుతో చేసేది, అందుకే ఆ పేరు. అంటే మన లంక చుట్టే! వరద తీశాక మిగిలే ఒండ్రులో పండిన ఆకు, దొరల చేతుల మీదుగా లండన్ దాకా ప్రయాణం చేసి, మన మాటతో సహా ఆ నవలలోకి ఎక్కింది. (గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చటం నేర్పిన కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శించినది 1892లో. ఇద్దరూ సమకాలికులే.) ఎగిరి గంతేయవలసిన క్షణం. నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. వెతకవలసిన మేర మరీ ఎక్కువగా తగ్గిపోయింది.

మన ప్రాంతపు పొగ డిటెక్టివులకు ఇంకొకటి కూడా అందింది. సత్యజిత్ రాయ్ ఫెలూదా కాల్చే చార్మినార్ సిగరెట్ హైదరాబాదు సరుకే. కానీ ఆ సంగతి నన్ను ఇంతగా కదపలేదు.

కథల్లో హోమ్స్‌ను పొగ ఏమీ చేయలేదు. ససెక్స్‌లో తేనెటీగలు పెంచుకుంటూ హాయిగా ఉన్నాడు. ఆయన వేషం వేసినవాళ్ళకు ఆ వరం లేదు. 1984 నుండి 1994 వరకు గ్రనాడా టెలివిజన్‌లో హోమ్స్‌గా వేసిన జెరెమీ బ్రెట్‌ను మించినవాడు నా దృష్టిలో లేడు. విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. చివరి భాగాలలో ఆ మొహం ఉబ్బిపోయి, ఊపిరి బరువుగా అందుతూ ఉంటే, కథ వదిలేసి ఆయననే చూస్తూ ఉండిపోతాను. 1995లో గుండె విఫలమై 61వ ఏట పోయాడు. 2010లో వచ్చిన బెనెడిక్ట్ కంబర్‌బాచ్ హోమ్స్ పైపు మానేసి, చేతికి మూడు నికోటిన్ పట్టీలు అంటించుకుని ఆలోచిస్తాడు. తెలివైన మార్పే గాని, పట్టీకి బూడిద ఉండదు కదా.

2022లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘మైగ్రె’లో డిటెక్టివుగా జెరార్ డిపార్ద్యూ వేశాడు. సిమెనోన్ సృష్టించిన ఈ ఇన్‌స్పెక్టరును పైపు లేకుండా ఊహించలేము. ఈ చిత్రంలో డాక్టరు ఆయనను పైపు మానమంటాడు. అంత భారీ మనిషి, ఆ మాట విన్న తరువాత చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్లు తిరుగుతూ ఉంటే, నేను ఆ సినిమాను రెండు విడతలుగా గాని చూడలేకపోయాను.

తిరుచిరాపల్లి చుట్ట బూడిద నల్లగా ఉంటుందని హోమ్స్ చెప్పాడు. బర్డ్స్ ఐ పొగాకుది తెల్లటి దూది వంటిదన్నాడు. లుంకా బూడిద ఎలా ఉంటుందో ఆ నవలలో చెప్పనే లేదు. మసి కలిసిన తెలుపు. వేలెడు పొడుగున, చుట్ట ఆకారం చెడకుండా, చుట్టిన మడతలు కూడా లెక్కపెట్టగలిగేటట్లు ఉంది. నేను ముట్టుకుంటేనే విరిగింది.