టపాకాయల వీరుడు

పిల్లల పుస్తకం పిల్లలే చదవాలని రూలేమీ లేదు గదా! వంటిల్లు సర్దుకుని, మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన పుస్తకం ముందేసుకుని, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మావారు ఉలిక్కిపడి లేచి, "ఏమిటా దెయ్యం నవ్వు?" అన్నారు.

లెనోర్ లుక్ అనే రచయిత్రి రాసిన ఆల్విన్ హో కథలవి. 2008లో మొదటిది వచ్చింది. 2014 నాటికి ఆరయ్యాయి. ఆల్విన్‌ది మసాచుసెట్స్‌లోని కాంకర్డ్. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రాజుకున్న గడ్డ! అక్కడ, చైనా సంతతి ఇంట, వీడొకడు. రెండో క్లాసు. లిఫ్టంటే భయం, సొరంగమంటే భయం, ఆడపిల్లలంటే భయం, అన్నిటికీ మించి బడంటే భయం. ఆపదలకని ఓ పెట్టెలో ఈల, వెల్లుల్లి వగైరా సరంజామా దాచుకుంటాడు. వెల్లుల్లి రక్తపిశాచాలకట! మనం ఎండుమిరపకాయలతో దిష్టి తీయమూ? ఇంట్లో మాత్రం టపాకాయల వీరుడు. బడి గుమ్మం తొక్కాడో, నోరు పెగలదు.

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. మా రెండోవాడూ అంతే. ఇంట్లో పెంకులు లేచిపోయేలా అరుస్తాడు. బళ్ళో హాజరు పిలిస్తే పలకడు. ఏడాదంతా పలకలేదు. మొద్దన్నారొకరు, పొగరన్నారింకొకరు. డాక్టరుగారు మాత్రం, "మొండితనం కాదమ్మా, ఆదుర్దా. కొందరు పిల్లలకి కొన్నిచోట్ల గొంతు బిగుసుకుపోతుంది. బలవంతపెడితే ఇంకా బిగుస్తుంది" అన్నారు. నాకు అర్థమయింది. వాడికి చెప్పడమెలా?

రోజూ రాత్రి ఆల్విన్ కథ తెలుగులో చెప్పడం మొదలెట్టాను. ఆల్విన్ నాన్నకి కోపమొస్తే షేక్స్పియర్ తిట్లు తిడతాడు. వాటిని తెనిగించడం నా తరమా? మా అత్తగారి తిట్లు వాడేశాను. ఆవిడ పక్క మంచం మీంచి, "ఇది నాది కాదుటే?" అన్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆరూ ఒకే పాకంలో తీసినవి. వరసగా చదివితే మొహం మొత్తుతుంది. కాని 2011లో వచ్చిన నాలుగోది వేరు. తాతగారి ప్రాణస్నేహితుడు పోతే, ఆ ముసలాయనకి తోడుగా అంత్యక్రియలకి తను వస్తానని ఈ పిరికివాడే మాటిస్తాడు. ఇచ్చాక వణికి చస్తాడనుకోండి! వాణ్ణి రాత్రికి రాత్రి ధీరుణ్ణి చేసెయ్యలేదు రచయిత్రి. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఓ రాత్రి మావాడు అడిగాడు: "అమ్మా, ఆల్విన్‌కి బళ్ళో నేస్తాలున్నారా?"

"ఉందిరా, ఫ్లీ అనే పిల్ల."

"వాడు మాట్లాడకపోయినానా?"

"మాట్లాడకపోయినానూ."

మర్నాడు వంటింట్లో వెల్లుల్లిపాయ ఒకటి తగ్గింది. బడిసంచీ ఘాటుగా వాసనేస్తోంది. నేనేమీ అడగలేదు.