మెట్లు దిగిన అక్షరాలు



మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఉండి శ్రీకాకుళంలో ఎం.సి.ఏ. చదివాము. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాటింది మేమే మొదలు. లాప్‌టాప్ ఎవరికీ లేదు. కాలేజీ ల్యాబులో పీసీల దగ్గర ఎప్పుడూ తోపులాటే. మూలనున్న సన్ అల్ట్రా 10 దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. అది 1998లో వచ్చిన మోడల్, వయసులో మాకంటే పెద్దది. సన్ కంపెనీనే 2010లో ఒరాకిల్ కొనేసింది. ఎవరూ ముట్టని మిషన్ గనుక అది మాదైంది. తాత అని పేరు పెట్టుకుని, ల్యాబు మూసేదాకా దాని మీదే సి ప్రోగ్రాములు రాసుకునేవాళ్లం.

ఇబ్బందల్లా ప్రింటుతోనే. తాతకు పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. ఫ్లాపీ ఉంది గానీ, ఏడు రోడ్ల జంక్షన్లో జిరాక్స్ షాపు వాడికి ఫ్లాపీ చూపిస్తే నవ్వడా? ఫైలును నెట్‌వర్కు మీద పక్క పీసీకి పంపి, ఆ సీటులో ఉన్నవాళ్లను "ఒక్క నిమిషం లేస్తారా" అని బతిమాలాలి. కొందరు లేచేవారు, కొందరు వినిపించనట్టు ఉండేవారు. చివరి సెమిస్టరులో ప్రోగ్రాములన్నీ ప్రింటు తీసి రిపోర్టుకు జతచేయమన్నారు. ఎంతమందిని బతిమాలుతాం? ల్యాబులోని లేజర్ ప్రింటరు నెట్‌వర్కులోనే ఉంది. తాతనూ దాన్నీ కలపాలనుకున్నాము.

నిజానికి కాగితం పని యూనిక్స్‌కు కొత్త కాదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌కు 1971లో దొరికిన మొదటి ఉద్యోగం పేటెంట్ విభాగంలో దరఖాస్తులు టైపు చేయించడమే. అంటే గుమాస్తా ఉద్యోగం!

ల్యాబ్ అసిస్టెంటు గారు రూట్ పాస్‌వర్డు తామే కొట్టి పక్కన కుర్చీ వేసుకున్నారు. హోస్ట్స్ ఫైలులో ప్రింటరు పేరు, ఐపీ అడ్రసు రాశాము. ఎల్‌పీఅడ్మిన్ కమాండులో నెట్‌స్టాండర్డ్ అనే స్క్రిప్టునూ 9100 పోర్టునూ చెప్పి క్యూ తయారుచేశాము. యాక్సెప్ట్ కొట్టాము. ఎల్‌పీ అని ఫైలు పంపితే రిక్వెస్టు నంబరు వచ్చింది, కాగితం రాలేదు. మళ్లీ పంపాము. కేబులు మార్చి పంపాము. ప్రింటరు ఆపి, వేసి పంపాము. మొత్తం పదకొండుసార్లు. రెండు రోజులు పోయాయి.

మూడో రోజు మ్యాన్ పేజీ మొదటినుంచి చదివితే దొరికింది. యాక్సెప్ట్ వేరు, ఎనేబుల్ వేరు. మన మెస్సు తలచుకోండి. లైనులో నిలబడనివ్వడం యాక్సెప్ట్, గరిటె పట్టుకోవడం ఎనేబుల్. మేము లైను పెట్టించాము గానీ వడ్డన మొదలుపెట్టమనలేదు.

ఎనేబుల్ కొట్టగానే పదకొండూ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. ఆపడం ఎలాగో తెలిసేలోపు ట్రే నిండిపోయింది. పైగా ప్రతి పేజీలోనూ వరసలు మెట్లు దిగుతూ కుడివైపుకు జారిపోయాయి. "ఏటి బాబూ, ఇది ప్రోగ్రామా, సింహాచలం మెట్లా?" అన్నారు అసిస్టెంటు గారు. యూనిక్స్ వరస చివర 'కిందికి దిగు' అన్న గుర్తు ఒక్కటే పెడుతుంది. ఆ ప్రింటరుకు 'ఎడమ అంచుకు పో' అన్న గుర్తు కూడా కావాలి. ఫైలును యూనిక్స్‌టుడాస్ కమాండు గుండా పంపితే ఆ గుర్తు చేరి, వరసలు దారికొచ్చాయి.

గడువుకు ముందురోజు సాయంత్రం రిపోర్టు పేజీలన్నీ తాత దగ్గరినుంచే తీశాము. ఎవరినీ లేవమనలేదు. ల్యాబు కాగితం పాడుచేసినందుకు ముగ్గురం చందా వేసి కొత్త కట్ట కొనిచ్చాము. ఆ వారమంతా టీ మానేశాము లెండి.

మెట్ల కాగితాలు హాస్టల్‌కు తెచ్చుకున్నాము. మొన్న వచ్చినప్పుడు చూస్తే, ఇంటరు చదివే తమ్ముడొకడు వాటి వెనకవైపు లెక్కలు చేసుకుంటున్నాడు.